ముందు స్టవ్, తర్వాతే వంటగది

చిన్నా,

నువ్వు పంపిన వంటగది ప్లాన్ చూశాను. పాత స్టవ్ ఉండే చోట 40 అంగుళాలని ఒక గడి గీసి, కప్‌బోర్డులన్నీ దాని చుట్టూ అమర్చేశారు. కొత్త స్టవ్‌కైతే కంపెనీ కాగితం చూసి అలా గీసుకోవచ్చు. 1950ల నాటి స్టవ్‌కి ఆ కాగితం దొరకడం కష్టం. దొరికినా ఇన్నేళ్లలో దాని కాళ్లో, గ్యాస్ పైపో, ఓవెన్ తలుపు పిడో ఎవరో ఒకరు మార్చే ఉంటారు. అందుకని ముందు స్టవ్‌ని పూర్తిగా బాగుచేయించి వెలిగించి చూడు. పనికొస్తుందని తేలాకే వడ్రంగికి కొలతలివ్వు. గట్టు రాయి కోయించే పని మాత్రం అన్నిటికన్నా ఆఖరికి పెట్టుకో.

బాగుచేయించేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఓవెన్‌కి సేఫ్టీ వాల్వ్ ఉందా లేదా అని. ఓవెన్‌ని అంటించడానికి ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంటలో థర్మోకపుల్ అనే చిన్న లోహపు పుల్ల ఎప్పుడూ వేడెక్కుతూ ఉంటుంది. ఆ వేడికి పుట్టే కాస్త కరెంటే వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరిపోతే పుల్ల చల్లబడుతుంది, కాసేపటికి వాల్వ్ టక్కున మూసుకుంటుంది. చాలా పాత స్టవ్‌లలో ఈ ఏర్పాటు లేదు. పైలట్ ఆరిందని తెలియక ఓవెన్ తిప్పితే లోపలంతా గ్యాస్ నిండుతుంది, ఆ తర్వాత అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నీ దాంట్లో లేకపోతే గ్యాస్ ఫిట్టర్ చేత పెట్టించు. ఇది లేకుండా ఆ స్టవ్‌ని ఇంట్లో వాడటానికి నేను ఒప్పుకోను.

నాబ్‌లు బిగుసుకుపోయి ఉంటే పట్టకారుతో తిప్పొద్దు. లోపల శంకువులా ఉండే ఇత్తడి ప్లగ్ చుట్టూ ఎప్పుడో రాసిన గ్రీజు ఎండి గట్టిపడి ఉంటుంది. గ్యాస్ కట్టేసి ప్లగ్ బయటికి తీయాలి, శుభ్రంగా తుడవాలి, వేడికి తట్టుకునే గ్యాస్ వాల్వ్ గ్రీజు పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే గ్యాస్ వెళ్లే రంధ్రం పూడుకుపోయి మంట సన్నబడుతుంది. ఇంకో సంగతి. ప్లగ్‌లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, ప్రతిదీ తన గూట్లోనే అరిగి కుదురుకుని ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి పెడితే లీకవుతుంది. విప్పేటప్పుడే ఒక్కోదానికి నంబరు చీటీ అంటించమను.

ఓవెన్ గోడల మధ్య తెల్లగానో బూడిదరంగులోనో పీచులాంటిది కనిపిస్తే అది ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, ఊడవొద్దు, వ్యాక్యూమ్ పెట్టొద్దు. పరీక్ష చేయించి, తెలిసినవాళ్ల చేతే తీయించు. రేకు మీది గాజులాంటి పూత, అంటే ఎనామిల్, ఊడిన చోట ఇంట్లో రంగు వేస్తే వేడి తగిలే భాగాల్లో నిలవదు. మళ్లీ ఎనామిల్ చేయించాలంటే ఆ రేకుని విప్పి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో కాల్చాలి. పెచ్చు చిన్నదైతే అలాగే వదిలెయ్, స్టవ్‌కి వచ్చే నష్టమేమీ లేదు.

స్టవ్ ఏ గ్యాస్‌కి అమర్చి ఉందో కూడా కనుక్కో. సిలిండర్‌లో వచ్చే ప్రొపేన్‌లో, అదే ఘనపరిమాణం పైపు గ్యాస్‌తో పోలిస్తే, సుమారు రెండున్నర రెట్ల వేడి ఉంటుంది. పైగా అది ఎక్కువ ఒత్తిడితో వస్తుంది. పైపు గ్యాస్‌కి పెట్టిన పెద్ద రంధ్రంలోంచి ప్రొపేన్ వదిలితే పసుపు మంట లేచి గిన్నెలన్నీ మసి పడతాయి. గ్యాస్ చిమ్మే సన్న రంధ్రాల జెట్‌లు, ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ రెండూ మార్చాలి. పాత స్టవ్‌లలో చాలావాటికి రెగ్యులేటరే ఉండదు. అన్నీ అయ్యాక బర్నర్ దగ్గర గాలి పలకని కొంచెం కొంచెం జరుపుతూ, కొసన పసుపు లేని నీలి మంట నిలకడగా వచ్చేదాకా సరిచేయాలి.

ఇక కొలతలు. వెడల్పు ముందువైపు ఒక్కటీ కొలిస్తే చాలదు. పైన, నడుమ, కింద మూడుచోట్లా కొలిచి పెద్దది రాసుకో. లోతుని రెండు రకాలుగా రాయి: తలుపు మూసినప్పుడు పిడితో కలిపి, తలుపు పూర్తిగా తెరిచినప్పుడు. తెరిచిన తలుపుకి ఎదుటి గట్టుకి మధ్య మనిషి వంగి ట్రే తీసే చోటుండాలి. గ్యాస్ పైపు వెనక ఏ వైపు, నేలకి ఎంత ఎత్తులో ఉందో గుర్తు పెట్టు. ఓవెన్ లోపలి వెడల్పు కూడా చూసుకో. బయట 40 అంగుళాలున్నా మధ్యలో పెనం, పక్కన సామాన్ల అర పోగా ఓవెన్ చిన్నదే మిగులుతుంది, నీ పెద్ద ట్రే పట్టకపోవచ్చు. వెనక పొగగొట్టం తగిలించే మెడ ఉంటే దాన్ని మూయించొద్దు. ఓవెన్ వదిలే పొగకి అదే దారి. అది మూసుకుపోతే మంటకి గాలి అందదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆ విషవాయువు అలారం ఒకటి ఎలాగూ పెట్టించు.

ప్లాన్‌లో నాకు అస్సలు నచ్చనిది కప్‌బోర్డుల్ని రెండు పక్కలా స్టవ్‌కి ఆనించడం. ఈ కాలం స్టవ్‌లలా వీటి పక్క రేకులకి సరైన ఇన్సులేషన్ ఉండదు. గ్యాస్ ఆపాక నిలవ వేడితో వండుకునేలా చేసిన చేంబర్స్ కంపెనీ పాత స్టవ్‌లలాంటివి వేరు, వాటి ఓవెన్ చుట్టూ ఇన్సులేషన్ మందంగా ఉంటుంది. నీ స్టవ్ ఓవెన్‌ని బాగా వేడిగా గంటసేపు వెలిగించి, పక్క రేకు ఎంత వేడెక్కిందో థర్మామీటరుతో చూడు. కంపెనీ కాగితం లేనప్పుడు చెక్కకి, స్టవ్‌కి మధ్య అటూ ఇటూ వెనకా ఆరేసి అంగుళాలు వదులు. అంత చోటు లేకపోతే ఫిట్టర్‌ని అడిగి, చెక్కకి అంగుళం ఎడంగా రేకు నిలబెట్టించు, ఆ సందులో గాలి ఆడాలి. చెక్క మీద టైల్స్ అతికిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. టైల్ కాలదు గానీ వేడి దాన్ని దాటి చెక్కకి చేరుతుంది. బర్నర్లకి పైనున్న చెక్క అల్మరా కనీసం 30 అంగుళాల ఎత్తులో ఉండాలి.

చిమ్నీకి ఒక మోటు లెక్కుంది: స్టవ్ గంటకి ఇచ్చే వేడిని బీటీయూల్లో కొలుస్తారు, అందులో ప్రతి 10,000 బీటీయూకి నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి లాగాలి. 9,000 చొప్పున నాలుగు బర్నర్లు, 20,000 ఓవెన్ అనుకుంటే 560 అవుతుంది. అంత లాగేదానికి 8 అంగుళాల నున్నటి రేకు గొట్టం వేయించు, ముడతల గొట్టం వద్దు. లాగినంత గాలి బయటినుంచి లోపలికి రావడానికి దారి కూడా ఉండాలి. లేకపోతే వేడినీళ్ల గ్యాస్ గీజరు పొగ ఇంట్లోకే తిరగబడుతుంది.

నేల ముందే వేయించి, స్టవ్ కిందిదాకా టైల్స్ పరిపించు. స్టవ్ చుట్టూ మాత్రమే పరిస్తే రేపు రిపేరుకి బయటికి లాగలేం. నేల చెక్కదైతే అంత బరువు మోస్తుందో లేదో చూపించు. తలుపులు, జాలీలు, సొరుగులు విప్పేశాకే స్టవ్‌ని కదిలించు. స్పిరిట్ లెవెల్‌ని స్టవ్ పైన కాదు, ఓవెన్ లోపలి జాలీ మీద పెట్టి కాళ్లు సరిచేయాలి. లోపల వాలుంటే కేకు ఒక పక్కకి ఒరుగుతుంది.

పాత గ్యాస్ గొట్టం మళ్లీ వాడొద్దు. పూత లేని పాత ఇత్తడి ముడతల గొట్టాలు కాస్త కదిపినా కొసన అతుకు దగ్గర విరుగుతాయి. కొత్తది వేయించి, గ్యాస్ కట్టేసే వాల్వ్‌ని స్టవ్ జరపకుండా చెయ్యి అందేలా పక్క కప్‌బోర్డులో పెట్టించు. ప్రతి అతుక్కీ సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు. వెనక ఒక కరెంటు ప్లగ్ కూడా ఉంచు. కొత్త స్టవ్‌లు ఎక్కువగా 30, 36, 48 అంగుళాల్లో వస్తాయి కాబట్టి పక్క కప్‌బోర్డుల్ని జిగురుతో కాక స్క్రూలతో బిగించమను. ఎప్పుడైనా ఈ స్టవ్ మార్చాల్సొస్తే గట్టు పగలగొట్టే పనుండదు.

ముందు సేఫ్టీ వాల్వ్ సంగతి కనుక్కుని, కొలతలతో పాటు రాసి పంపు. చిమ్నీ ఎత్తు అప్పుడు చూద్దాం. అప్పటిదాకా రాయి కోసేవాళ్లని పిలవొద్దు.

అమ్మ