స్త్రీల హక్కుల కోత రాజకీయ వార్తే

సంపాదకులకు నమస్కారం.

ఏ దేశంలోనైనా స్త్రీల హక్కులకు కోత పడినప్పుడు ఆ వార్త సంస్కృతీ సంప్రదాయాల చర్చగానే అచ్చవుతోంది. అధికారం ఎవరి చేతిలో ఎలా పోగుపడుతోందో తెలిపే రాజకీయ వార్తగా దాన్ని చూడాలని నా మనవి.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే ఇస్తాంబుల్ ఒప్పందంపై 2011లో సంతకం చేసి, 2012లో అందరికంటే ముందు దాన్ని ధ్రువీకరించిన దేశం టర్కీ. ఆ దేశ పార్లమెంటు ఆమోదించిన ఆ ఒప్పందం నుంచి 2021 మార్చిలో ఎర్డోగాన్ ఒక్క అధ్యక్ష ఉత్తర్వుతో వైదొలిగారు. పార్లమెంటు ఇచ్చిన మాటను పార్లమెంటును అడగకుండానే ఒక వ్యక్తి వెనక్కి తీసుకోగలిగితే, ఇక ఏ చట్టానికి భరోసా ఉంటుంది? పోలండ్‌లో 2016లో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించే బిల్లు వచ్చినప్పుడు నల్ల దుస్తులు ధరించి వేలాది స్త్రీలు వీధుల్లోకి రావడంతో సభ దాన్ని తిరస్కరించింది. సభలో నెగ్గనిదాన్ని, పాలక పక్షం తనవారితో నింపుకున్న రాజ్యాంగ న్యాయస్థానం 2020 అక్టోబరులో చాలామటుకు సాధించిపెట్టింది. పిండంలో తీవ్రమైన లోపం ఉన్నా గర్భస్రావం కుదరదని తీర్పు చెప్పింది. హంగరీ ప్రభుత్వమైతే 2018లో, సమాజంలో స్త్రీపురుషుల స్థానాన్ని పరిశీలించే జెండర్ అధ్యయనాల మాస్టర్స్ కోర్సును గుర్తింపు జాబితా నుంచే తీసివేసింది.

కుటుంబాన్ని ప్రేమించే వారందరూ నియంతృత్వాన్ని కోరుకుంటారని నేననను. జననాల రేటు తగ్గడం, పిల్లల పెంపకం భారం కావడం నిజమైన సమస్యలే. అయితే వాటికి ఈ నాయకులు చూపే పరిష్కారం స్త్రీకి షరతులు పెట్టడమే. హంగరీలో 2019లో తెచ్చిన కోటి ఫోరింట్ల రుణం పథకంలో మూడో బిడ్డ పుడితే బాకీ అంతా మాఫీ అవుతుంది, అయిదేళ్లలో ఒక్క బిడ్డా పుట్టకపోతే వడ్డీ రాయితీ పోతుంది. రష్యాలో 2017 సవరణ తర్వాత, ఎముక విరగకుండా భార్యను మొదటిసారి కొట్టిన భర్తకు సాధారణంగా పడేది జరిమానా. దాన్ని చెల్లించేది తరచూ ఆమె కూడా తినవలసిన ఇంటి సొమ్ములోంచే. కుటుంబ రక్షణ పేరుతో తెచ్చిన ఈ సవరణ ఆ ఇంట్లో ఎవరిని రక్షించిందో చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇటువంటి నిర్ణయం వెలువడినప్పుడు దాన్ని సమర్థించేవారి మాట, వ్యతిరేకించేవారి మాట పక్కపక్కన వేసి ఊరుకోకుండా, ఆ నిర్ణయాన్ని ఎవరు, ఏ అధికారంతో, ఎవరిని దాటి తీసుకున్నారో కూడా మీ విలేకరులు రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు