సిగరెట్ పీకకూ అదే మర్యాద

సంపాదక మహాశయా,

మీ పత్రికలో చిత్రకారుల మీద, సినీ దర్శకుల మీద మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఫొటోగ్రాఫర్ల మీద రావడం తక్కువ. స్టూడియోలో పోర్ట్రెయిట్లు తీసి బతికినవాణ్ణి కనుక, నేను ఎంతగానో అభిమానించే అర్వింగ్ పెన్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

పెన్ (1917–2009) అమెరికన్. 1943లో ‘వోగ్’ అట్ట మీద వచ్చిన ఆయన తొలి ఫొటోలో మనిషే లేరు. బ్యాగు, బెల్టు, చేతి తొడుగులు, కొన్ని పండ్లు, అంతే. ఫ్యాషన్ పత్రికకు అది పెద్ద సాహసం.

1948లో స్టూడియోలో రెండు తడకలను దగ్గరగా చేర్చి ఒక ఇరుకు మూల తయారుచేశారు. ఎంత పేరున్నవాళ్ళు వచ్చినా అందులోనే ఇమడాలి. రచయిత ట్రూమన్ కపోటి పెద్ద కోటులో ముడుచుకుని కుర్చీ మీద మోకాళ్ళూనాడు. చుట్టూ చూపించుకోవడానికి ఇంకేమీ లేనప్పుడు మనిషి తనను తాను ఎక్కడ దాచుకోగలడు? 1950లో పారిస్‌లో పాత నాటకాల తెర ఒకటి వెనక కట్టి, పై అంతస్తు కిటికీ వెలుగులో ఖరీదైన గౌన్ల మోడళ్ళనూ తీశారు, పనిముట్లు చేతబట్టి వచ్చిన కసాయివాళ్ళనూ, అద్దాలు బిగించేవాళ్ళనూ తీశారు. తెర అదే, వెలుగూ అదే. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ లేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ముఖ్యంగా ఇక్కడే.

కొందరు పెన్ ఫొటోల్లో ఆప్యాయత లేదంటారు. నేను ఒప్పుకోను. 1972లో వీధిలో పారేసిన సిగరెట్ పీకలను ఏరి తెచ్చి ఆయన తీసిన వరుస చూడండి. నలిగిన కాగితం మడతలు, చివర కమిలిన అంచు, బయటికి పొడుచుకొచ్చిన పొగాకు పీచు, సగం చెరిగిన బ్రాండ్ అక్షరాలు, ఒక్కటీ వదల్లేదు. అవి ప్లాటినం, పల్లేడియం అనే లోహాలతో చేసే ప్రింట్లు. కాగితానికి ఆ లోహాల లవణాల పూత పూసి, నెగెటివ్ ఆనించి ప్రింట్ చేసి, కడిగి ఆరబెట్టి, మళ్ళీ పూత పూసి, అదే నెగెటివ్‌ను వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టి మళ్ళీ ప్రింట్ చేయాలి. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకని దాన్ని ముందే అల్యూమినియం రేకుకు అంటించేవారు. డార్క్‌రూమ్‌లో పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది అదెంత ఓపికో! పారేసిన పీక కోసం అంత శ్రమపడ్డవాడికి ఆప్యాయత లేదని ఎలా అంటాం?

1957లో తీసిన పికాసో ముఖంలోనూ అదే పద్ధతి. టోపీ, ఎత్తిన కాలరు దాదాపు అంతా కప్పేస్తే, వెలుగు పడిన ఒక కన్ను సూటిగా మనల్ని చూస్తుంది.

కుదిరితే ఆదివారం అనుబంధంలో పెన్ మీద ఒక వ్యాసం వేయించండి. వేసేటప్పుడు ఫొటోలను తపాలా బిళ్ళంత చేయకండి, ఒక్కటే వేసినా పేజీ వెడల్పునా వేయండి. కింద ఫొటోగ్రాఫర్ పేరు, తీసిన సంవత్సరం తప్పకుండా ఉండాలి. మీరు రోజూ అచ్చువేసే ఫొటోలన్నిటికీ ఇదే నా విన్నపం.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్