కుంట నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే ఏం లాభం?

సంపాదకుడికి,

ఆర్యా,

పల్లెల్లో అగ్నిప్రమాదాల మాట వచ్చినప్పుడల్లా, ఊరి చెరువులూ కుంటలూ ఉండనే ఉన్నాయి కదా, వాటినే అగ్నిమాపక నీటి వనరులుగా గుర్తిస్తే సరిపోతుందన్న సూచన వినిపిస్తుంది. సూచన మంచిదే. చిక్కంతా గుర్తించే తీరులో ఉంది. విస్తీర్ణాన్ని లోతుతో గుణించి, వచ్చిన అంకెను జాబితాలో రాసేస్తే అది మంటల రోజున అక్కరకు రాదు. ఎండలు ముదిరిన నెలలో, ఫైరింజన్ నిలబడగలిగిన చోటి నుంచి, పంపుకు ఎంత నీరు అందుతుందో అదొక్కటే లెక్క.

నిండుగా ఉన్నప్పుడు 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, నడుమ 2 మీటర్ల లోతు ఉన్న కుంటనే తీసుకుందాం. గుణిస్తే 20 లక్షల లీటర్లు. కానీ కుంట అడుగు సిమెంటు తొట్టిలా చదునుగా ఉండదు. గరాటులా నడుమకు వాలే కుంటకు ఆ గుణకారంలో మూడో వంతే వేసుకోవాలి, అంటే సుమారు 6 లక్షల 66 వేలు. వేసవిలో లోతు ఒక మీటరుకు పడిపోతే పొడవూ వెడల్పూ కూడా సగమవుతాయి. మిగిలేది 83 వేల లీటర్లు. లోతు సగమైతే నీరు ఎనిమిదో వంతుకు దిగిపోయిందన్నమాట. నిమిషానికి 1,000 లీటర్ల చొప్పున రెండు గంటలు కొట్టాలంటే 1,20,000 లీటర్లు కావాలి.

పోనీ ఆ 83 వేలైనా అందుతాయా? పైపు కొనకు చెత్త దూరకుండా తగిలించే జల్లెడను స్ట్రెయినర్ అంటారు. మామూలు స్ట్రెయినర్ పైన కనీసం 60 సెంటీమీటర్ల నీరు లేకపోతే సుడి పుట్టి పంపు గాలి పీలుస్తుంది. కింద బురదకు 30 సెంటీమీటర్ల ఎడం లేకపోతే ఇసుక లోపలికి పోయి పంపులో తిరిగే చక్రాన్ని (ఇంపెల్లర్‌ను) అరగదీస్తుంది. స్ట్రెయినర్ మందం కూడా కలుపుకుంటే ఉన్న మీటరు లోతూ అక్కడికే సరి. నీటిపై తేలే స్ట్రెయినర్ ఉంటే కొంత నయం, పైనీటినే లాగుతుంది. అయితే అది లోతున్న చోటికి చేరాలి. గట్టు నుంచి నడిమధ్యకు 12 మీటర్ల పైమాటే, కుంట నీటిని పంపుకు చేర్చే సక్షన్ పైపులు మూడేసి మీటర్లవి మూడు కలిపినా 9 మీటర్లే. కాగితం మీద 20 లక్షల లీటర్లున్న కుంట నుంచి బకెట్టు నీళ్లు కూడా రాకపోవడం వెనుక ఉన్నది ఇదే.

నీటికి పంపు ఎంత ఎత్తున ఉందన్న సంగతి ఇంకా ముఖ్యం. పంపు పైపులోని గాలిని మాత్రమే తీసేస్తుంది, నీటిని పైకి నెట్టేది బయటి వాతావరణ పీడనం. సముద్రమట్టం దగ్గర అది సిద్ధాంతరీత్యా 10.3 మీటర్ల వరకు నెట్టగలదు. పైపు రాపిడి, స్ట్రెయినర్ అడ్డు, నీటి వేడి పోను ఆచరణలో 7 మీటర్లు దాటితే ఆశ వదులుకోవాలి. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 1,000 మీటర్లకు మరో మీటరు పైగా తరుగుతుంది. 3 మీటర్ల ఎత్తున పూర్తి ధార ఇచ్చే పంపు 6 మీటర్లకు వచ్చేసరికి బాగా నీరసిస్తుంది. ఈ ఎత్తును నీటి ఉపరితలం నుంచి పంపు నడిబొడ్డు వరకు కొలవాలి. స్ట్రెయినర్ ఎంత లోతున ఉందన్నది ఇందులోకి రాదు. చాలామంది గట్టు ఎత్తు రాసుకుని ఊరుకుంటారు, బండి మీద పంపు నేలకు దాదాపు మీటరు ఎత్తున ఉంటుందన్నది మరిచిపోతారు.

లోతు కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అర మీటరుకో ముడి వేసిన తాడు, చివర బరువు, ఒక తెప్ప చాలు. అడ్డంగా నాలుగు గీతలు, నిలువుగా నాలుగు గీతలు ఊహించుకుని అవి కలిసే ప్రతిచోటా తాడు దించాలి. నీళ్లలో నడుస్తూ కొలవడం మాత్రం వద్దు, ఊబి ముందుగా చెప్పి రాదు. పూడికకు రెండు గడలు కావాలి. కొనకు అరచేతి వెడల్పు పలక కొట్టిన గడ పూడిక పైనే ఆగుతుంది, మొన తేలిన గడ గట్టి నేల దాకా దిగుతుంది. రెంటి మధ్య తేడాయే పూడిక మందం. వేడి పొడి వాతావరణంలో ఆవిరిగానే రోజుకు 5 నుంచి 8 మిల్లీమీటర్లు పోతుంది. మూడు నెలల్లో అది అర మీటరు దాటొచ్చు. ఇంకుడు, సాగుకు తోడుకునేది దీనికి అదనం.

ఇక బండి నిలిచే చోటు. 4,500 లీటర్ల బండి నిండితే 10 టన్నులు దాటుతుంది. మట్టిగట్టు అంచున, ముఖ్యంగా తూము మీద, దాన్ని నిలపకూడదు. కంకర వేసి గట్టిపరిచిన చోటు, కనీసం 3.5 మీటర్ల దారి, వెనక్కి తిరగడానికి జాగా ఉండాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు. బండి దిగని చోట మోసుకెళ్లే పంపును నీటి అంచున పెట్టుకోవచ్చు. అలాంటి కుంటను జాబితాలో వేరేగా చూపాలి.

కొలతలయ్యాక పంపు పెట్టి చూడనిదే ఏ కుంటనూ జాబితాకు ఎక్కించకూడదు. 20 నిమిషాలు ఆగకుండా లాగాలి. అర నిమిషంలో ప్రైమింగ్ కాకపోతే, అంటే గాలి పోయి పంపు నీటితో నిండకపోతే, పైపులో గాలి ఎంత తగ్గిందో చూపే వాక్యూమ్ గేజ్ చూడాలి. ముల్లు బాగా ఎక్కినా నీళ్లు రాకపోతే స్ట్రెయినర్‌కు నాచో, గుర్రపుడెక్కో, ప్లాస్టిక్ సంచో అడ్డుపడింది. ముల్లు ఎక్కకపోతే ఎక్కడో గాలి దూరుతోంది, చాలాసార్లు అది పైపులను కలిపే కప్లింగ్ వాషర్ దగ్గరే. పైపు గట్టు మీదుగా పంపు కంటే ఎత్తుకు లేచి దిగితే ఆ మూపులో గాలి నిలిచిపోతుంది. ఇది కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

మంటలు లేచే చోటికి కుంట ఎంత దూరమో కూడా రాయాలి. 5 కిలోమీటర్ల దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయి రావడానికి 15 నిమిషాలు, నింపడానికి 5, ఖాళీ చేయడానికి 5 వేసుకుంటే, 4,500 లీటర్ల బండి ఒక్కటి అందించేది నిమిషానికి 180 లీటర్లే.

వేసవిలోనూ లోతు నిలిచే కుంటలకు శాశ్వత సక్షన్ గొట్టం వేయడం మేలు. 150 మిల్లీమీటర్ల గొట్టం, 90 డిగ్రీల వంపుకు బదులు రెండు 45 డిగ్రీల వంపులు, పైన మూత, ఆ ప్రాంతపు బండ్ల సక్షన్ పైపుకు సరిపోయే కప్లింగ్ ఉండాలి. కప్లింగ్ కుదరకపోతే మిగతా ఖర్చంతా వృథా. ఏడాదికొకసారి పంపుతో వెనక్కి నీళ్లు కొట్టి స్ట్రెయినర్ శుభ్రం చేయాలి. పక్కనే రాత్రి లైటుకు మెరిసే బోర్డు పెట్టి, గడిచిన వేసవిలో ఏ తేదీన, ఎంత లోతు, నిమిషానికి ఎన్ని లీటర్లు వచ్చాయో దాని మీద రాయాలి, ఏటా చెరిపి మళ్లీ రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు