కీవ్ నుంచి మామయ్యకు

కీవ్

పూజ్యులైన మామయ్యకు,

నమస్కారాలు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. సంతోషం. అలిపిరి మెట్లు మాత్రం ఇంకొన్నాళ్ళు వద్దనండి.

మన పటాలాల్లో పండిట్, మౌల్వీ, సిక్కుల గ్రంథీ, పాద్రీ ఎప్పటినుంచో ఉన్నారు, యుద్ధం నెత్తిన పెట్టుకుని ఉక్రెయిన్ ఇదంతా కొత్తగా ఎట్ల కట్టుకుంటుందని అడిగారు కదా. తిరుపతిలో మీ మాజీ సైనికులకు చదివి వినిపిస్తానన్నారు కాబట్టి వివరంగానే రాస్తున్నా. సైన్యంతో ఉండే ఇలాంటి మతగురువుల్ని ఇక్కడ కాపెలాన్లు అంటారు. మా ఆస్పత్రిలో వాళ్ళతో రోజూ పని పడుతుంది.

2014లో తూర్పున పోరు మొదలైనప్పుడు ఫాదర్లు, పాస్టర్లు తమంతట తామే వెళ్ళారు. జీతం లేదు, హోదా లేదు, కాలు పోతే పింఛను లేదు. కమాండర్ రానిస్తే లోపలికి, లేదంటే గేటు బయటే. 2021 నవంబరు 30న పార్లమెంటు కాపెలాన్ల చట్టం చేసింది. అది 2022 జులై 1న అమల్లోకి రావాలి. ఈలోపే ఫిబ్రవరిలో పెద్ద యుద్ధం వచ్చిపడింది. ఒకపక్క నియమాలు రాసుకుంటూ, ఇంకోపక్క మనుషుల్ని ఎంచుకుంటూ, రోజూ అంత్యక్రియలు చేస్తూ కట్టుకున్న వ్యవస్థ ఇది.

చేరాలంటే ఉక్రెయిన్ పౌరుడై ఉండాలి, మతవిద్యలో పట్టా ఉండాలి. సొంత మత సంస్థ ఇతణ్ణి పంపుతున్నామని రాసివ్వాలి, దానికి ప్రభుత్వ మత వ్యవహారాల శాఖ ఒప్పుకోవాలి. పాలనా కేంద్రం రష్యాలో ఉన్న సంస్థ మనిషికి చోటు లేదు. పట్టా షరతు దగ్గర చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి కందకాల్లో తిరిగిన పాస్టరుకు కాగితం ఉండదు, కాగితం ఉన్నవాడికి కందకం తెలియదు. నన్నడిగితే పనిలో ఉన్నవాళ్ళకు పట్టా తెచ్చుకోవడానికి గడువు ఇవ్వాలి. పట్టా లేదని ఇంటికి పంపడం న్యాయం కాదు.

కాపెలాన్‌కు తుపాకీ ఉండదు. యుద్ధంలో గాయపడ్డ సైనికుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 జెనీవా మొదటి ఒప్పందంలో 24వ అధికరణం డాక్టర్లతో పాటు ఇతనికీ రక్షణ ఇస్తుంది. పట్టుబడితే 28వ అధికరణం ప్రకారం యుద్ధఖైదీగా లెక్కించకూడదు, ఖైదీల మధ్య తన సేవ చేసుకోనివ్వాలి. దీనికి కాగితాలు పక్కాగా ఉండాలి. ఎడమ చేతికి తడికి పాడవని పట్టీ, దాని మీద రెడ్‌క్రాస్ గుర్తు, సైన్యం ముద్ర. జేబులో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, దాని మీద సంతకమో వేలిముద్రో. ముద్ర వేయించుకోని పట్టీకి విలువ లేదు. ఖాళీగా ఉన్నాడు కదా అని కాపెలాన్ చేత మందుగుండు బండి నడిపిస్తే, అంతసేపూ అతనికా రక్షణ పోయినట్టే. మనుషులు తక్కువైన యూనిట్లలో ఈ తప్పు సులువుగా జరుగుతుంది. అయినా డ్రోను పట్టీ చూసి ఆగుతుందనే హామీ లేదు. హెల్మెట్, కవచం తప్పవు.

అన్ని మతాలూ అనగానే అందరికీ కలిపి ఒక ప్రార్థన రాసేస్తే సరిపోతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది ఎవరికీ అంటదు. ఆర్థడాక్స్ ఫాదర్ తన పూజ తను పూర్తిగా చేస్తాడు. ముస్లిం కుర్రాడు అడిగితే తను దువా చదవడు, ఇమామ్‌కు ఫోన్ చేస్తాడు. ఆయన వచ్చేదాకా ఆ కుర్రాడి పక్కన కూర్చుంటాడు. కాబట్టి ప్రతి కాపెలాన్ దగ్గరా మిగతా మతాల వాళ్ళ నంబర్లు ఉండాలి: ఆర్థడాక్స్, గ్రీక్ కాథలిక్, రోమన్ కాథలిక్, ప్రొటెస్టెంట్, ముస్లిం, యూదు. ఫోనులో ఒకసారి, కాగితం మీద ఒకసారి. ముందు వరుసలో ఫోన్లు ఆపేయాల్సి వస్తుంది, అప్పుడు కాగితమే దిక్కు.

అన్నిటికంటే ముఖ్యం, సైనికుడు క్షేమంగా ఉన్నప్పుడే మతం అడిగి రాసుకోవడం. ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, నలుగురిలో కాదు. "ఏదీ లేదు" అన్నా అదే రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఆస్పత్రికి స్పృహ లేకుండా వచ్చినవాడి విషయంలో మేం ఊహించాల్సి వస్తుంది. పేరు చూసి, ఊరు చూసి ఊహించడం జాస్తి ప్రమాదం.

క్యాలెండరు కూడా అంతే. 2023 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడి స్వతంత్ర ఆర్థడాక్స్ చర్చి (ఆర్థడాక్స్ చర్చ్ ఆఫ్ ఉక్రెయిన్) కొత్త పంచాంగానికి మారి డిసెంబరు 25న క్రిస్మస్ చేస్తోంది, జనవరి 7నే చేసుకునేవాళ్ళూ ఉన్నారు. సెలవుల పట్టికలో రెండూ చూడాలి. నమాజు దిక్కు మనకు పడమర, కీవ్‌లో దాదాపు దక్షిణం. పడకలు వేసేటప్పుడే ఆ దిక్కు గోడకు గుర్తు పెట్టుకుంటే మంచిది.

కాపెలాన్ మతం మార్చడానికి ప్రయత్నించకూడదు, చెవిన పడిన రహస్యం కమాండర్‌కు చేరవేయకూడదు. "వాడి మనసులో ఏముందో కనుక్కో" అని అధికారి అడిగితే కాదనగలిగే ధైర్యం ఉండాలి. ఒక్కసారి మాట బయటికి పొక్కిందా, ఆ పటాలంలో ఇక ఎవరూ అతని దగ్గర నోరు విప్పరు. బదిలీ తప్ప దారి లేదు.

చనిపోయినవాళ్ళ సంగతిలో అదే జెనీవా ఒప్పందం 17వ అధికరణం మీకు నచ్చుతుంది. వీలైతే వాళ్ళ మతాచారం ప్రకారమే ఖననం. దహనం మాత్రం ఆరోగ్య కారణం తప్పనిసరైతేనో, చనిపోయినవాడి మతం అదైతేనో తప్ప చేయకూడదు. చేస్తే కారణం మరణపత్రంలో రాయాలి. చితాభస్మాన్ని సొంత దేశం ఏం చేయమంటుందో తేలేదాకా సమాధుల నమోదు విభాగం భద్రంగా ఉంచాలి. ఇక్కడ ఎక్కువమందికి ఖననమే అలవాటు కాబట్టి, దహనం అడిగే కుటుంబం వస్తే ఏం చేయాలో కాపెలాన్లకు అంత తెలియదు.

అందుకే మీ సాయం కావాలి. మీ యూనిట్లో అస్థికలు అప్పగించేటప్పుడు రిజిస్టర్‌లో ఏమేం రాసేవారు, ఎవరెవరు సంతకం పెట్టేవారు, కలశం మీద చీటీ ఎట్ల కట్టేవారు, పురోహితుడు దొరకని చోట ఏ మంత్రాలతో సరిపెట్టేవారు? తెలుగులో రాసి పంపండి, ఉక్రేనియన్‌లోకి నేను మార్చి ఇస్తాను. తీరిగ్గా కాకుండా ఈ నెలలోనే పంపితే మేలు.

అత్తయ్యకు నా నమస్కారాలు.

మీ మేనకోడలు