డెంగీ అనుకుని మిస్-సి ని వదిలేయొద్దు

సంపాదకుల వారికి,

కరోనా తగ్గాక 2 నుంచి 6 వారాలకు పిల్లల్లో వచ్చే మిస్-సి (ఒకేసారి పలు అవయవాల్లో వాపు వచ్చే జబ్బు) ఇప్పుడు అరుదే. అందుకే దాన్ని మరిచిపోయే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో అందరికీ వచ్చిపోయిన జలుబు కరోనానే అయి ఉండొచ్చు, కానీ దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అప్పటికి ఆర్‌టీపీసీఆర్ చాలాసార్లు నెగెటివ్ వస్తుంది, కరోనా వచ్చిపోయిందని చూపే యాంటీబాడీ పరీక్షే ఆధారం.

మూడు రోజులు దాటిన జ్వరం, ఎర్రబడ్డా పుసి కట్టని కళ్లు, పగిలిన పెదాలు, ఒంటిమీద దద్దుర్లు, వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. ఆ నొప్పిని అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్‌కు తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. మన దగ్గర ఎక్కువగా పొరబడేది డెంగీతో. రెండింటిలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కానీ డెంగీలో సాధారణంగా తెల్లకణాలు తగ్గుతాయి, మిస్-సిలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), సీఆర్పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) బాగా పెరుగుతాయి. ఈ తేడా చూడకుండా సెలైన్ గబగబా ఎక్కిస్తే మిస్-సితో నీరసించిన గుండె తట్టుకోలేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎకో (గుండె స్కానింగ్) తీయాల్సిందే.

దీనికి మందు ఇమ్యునోగ్లోబులిన్ (నరం ద్వారా ఎక్కించే యాంటీబాడీలు), బిడ్డ బరువులో కిలోకు 2 గ్రాములు. 20 కిలోల బిడ్డకు 40 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు ఎనిమిది. పేదింటికి మోయలేని ఖర్చిది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిల్వ ఉంచాలి. దాంతోపాటు స్టెరాయిడ్ ఇస్తారు. ఇమ్యునోగ్లోబులిన్ తీసుకున్నాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా 11 నెలలు ఆపాలి. డిశ్చార్జి కాగితంలో ఇది రాయడం మరిచిపోతున్నారు.

తల్లులకో మాట: బిడ్డ గోరును నొక్కి వదలండి. తెల్లబడ్డచోట రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే, చేతులు చల్లబడితే, మూత్రం తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు.

— పిల్లల వైద్యులు, విశాఖపట్నం