నాన్నగారి పేరు కొత్త వీణల మీద ఉండదు

మా దగ్గర వీణలు కొన్నవారికి, అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి నమస్కారం.

నాన్నగారు ఈ వేసవిలో కాలం చేశారని మీలో చాలామందికి తెలుసు. పరామర్శించిన ప్రతి ఒక్కరికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. పరామర్శ అయ్యాక దాదాపు అందరూ అడిగే మాట ఒకటే: ఆయన చేసిన వీణ ఇంకా ఏదైనా ఉందా అని. ఇకపై చేసేవాటి మీద కూడా ఆయన పేరే చెక్కమని, అలాగైతే మంచి ధర ఇస్తామని కొందరు వ్యాపారులు అడిగారు. అందరికీ ఒకే జవాబు చెబుతున్నాను. ఆ పని చెయ్యను. నాన్నగారు స్వయంగా మేళం కట్టిన, అంటే మైనం మీద మెట్లు నిలబెట్టి స్వరాలు సరిచేసిన వీణ మీదే ఆయన పేరు ఉంటుంది. ఇక నుంచి వచ్చేవాటి మీద నా పేరు ఉంటుంది. ధర తగ్గితే తగ్గనివ్వండి.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. బొబ్బిలి పక్కన మా గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పనికి దక్కిన గౌరవం అది. ఊరి పేరు మా అందరి ఉమ్మడి ఆస్తి. దాన్ని ఇక్కడ పనిచేసే ఎవరైనా న్యాయంగా వాడుకోవచ్చు. మనిషి పేరు అలా కాదు. ఆయన పేరు చూసి డబ్బు ఇచ్చేవారు ఆయన చెవిని నమ్మి ఇస్తున్నారు.

చెవి అని ఎందుకంటున్నానో చెప్పాలి. ఏకాండి వీణకు నాదం మోగే గుండ్రటి కుండ, మెట్లు ఉండే పొడవాటి దండి, మెడ అన్నీ ఒకే పనస మొద్దులోంచి రావాలి. కుండ వెడల్పుకు సరిపోయే లావు మొదలు దొరకాలి, అందులో బొడిపెలు, పగుళ్లు ఉండకూడదు. బాడిసతో, ఉలితో తొలిచాక మొద్దులో ఎక్కువ భాగం పేళ్లుగానే పోతుంది. ఇదంతా కష్టమే కానీ, ఓపిక ఉన్న పనివాడు నేర్చుకోగలడు. మా మేనల్లుడు చెక్కడంలో నాకంటే చురుకు. అసలు పరీక్ష మేళం దగ్గర. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కరిగించి, దండి మీద రెండు వైపులా గట్టులా పోస్తాం. అది పూర్తిగా బిగుసుకోకముందే ఇరవై నాలుగు మెట్లనూ దాని మీద నిలబెట్టాలి. ప్రధాన తంత్రి అయిన సారణిని షడ్జానికి, అంటే ‘స’ స్వరానికి శ్రుతి చేస్తే పన్నెండో మెట్టు మీద పై షడ్జం, ఇరవై నాలుగో మెట్టు మీద ఆపై షడ్జం పలకాలి. కుండ మీద తంత్రులు ఆనే గుర్రం వైపు వెళ్లేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గిపోతుంది. అక్కడ మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది.

నాన్నగారు మెట్టును బొటనవేలి గోటితో జరిపేవారు. తంత్రి మీటి, కళ్లు మూసుకుని, మోత పూర్తిగా అణిగేదాకా చెయ్యి కదిపేవారు కాదు. ఆ తరువాత తంత్రిని మెట్టు మీద పక్కకు లాగి గమకం వినేవారు. స్వరం నిలకడగా ఉన్నప్పుడు సరిగ్గా పలికి, లాగినప్పుడు గీరుకునే మెట్టును ఆయన ఒప్పుకునేవారు కాదు. మైనం మళ్లీ వేడిచేసేవారు. ఆయనకు ఒక్క కృతి కూడా పూర్తిగా వాయించడం రాదు. అయినా విజయనగరం నుంచి, విశాఖ నుంచి వచ్చే వైణికులు ఆయన కట్టిన మేళాన్ని ఇంకెవరి చేతా ముట్టనిచ్చేవారు కాదు.

ఆయన పోయేనాటికి నాలుగు వీణలు చెక్కడం పూర్తయి మేళం లేకుండా మిగిలాయి. వీటి గురించే ఇంట్లో ఎక్కువ చర్చ జరిగింది. చివరికి ఇలా నిర్ణయించాం: కర్ర పని నాన్నగారిదని, మేళం నాదని రెండూ విడివిడిగా రాసి ఇస్తాం. ముందుగా అడ్వాన్సు ఇచ్చినవారికే ఇస్తాం, వేలం వేసి ఎక్కువ ఇచ్చినవారికి కాదు. ఇలా అయితే వద్దనుకునేవారికి మొత్తం సొమ్ము వెనక్కి ఇచ్చేస్తాం.

మేళం విషయంలో నాకు తోడు మా అమ్మాయి. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు అది. నేను మెట్లు నిలబెట్టాక తను వాయించి చూస్తుంది. తను సరేననే దాకా వీణ గడప దాటదు. మా వంశంలో వీణ చేసేవారు, వాయించేవారు ఒకే ఇంట్లో ఉండడం ఇదే మొదలు. నాన్నగారు చివరి రోజుల్లో ఎక్కువగా సంతోషించింది దీనికే.

డబ్బు సంగతి కూడా దాపరికం లేకుండా చెబుతాను. ఇంటి ఖర్చు వెళ్లదీసేది పెద్ద వీణలు కావు. సభల్లో అతిథులకు ఇచ్చే చిన్న బహుమతి వీణలే మమ్మల్ని పోషిస్తున్నాయి. వాటిని చులకనగా చూడను, చెయ్యడం మానను. వాటి మీద వచ్చే ఆదాయం లేకపోతే పనస మొద్దు కొని, నీడన నెలల తరబడి ఆరబెట్టే స్తోమత మాకు ఉండదు. లావు మొదళ్లు దొరకడం గగనమైపోయింది. అందుకని ఏకాండి వీణ ధర పెంచక తప్పడం లేదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి మాత్రం పాత ధరే. తొందరగా కావాలంటే కుండ, దండి వేరువేరుగా చేసి అతికిన వీణ తీసుకోండి. నేర్చుకునే పిల్లలకు అది చక్కగా సరిపోతుంది. అతుకు ఉన్నదాన్ని ఏకాండి అని మాత్రం అమ్మం.

నాన్నగారి వీణ ఉన్నవారికి ఒక మాట ఇస్తున్నాను. నా చేతులు పనిచేసినంత కాలం వాటికి మళ్లీ మేళం కడతాను. మైనం, తంత్రుల ఖర్చు మీరు భరించండి, కూలి తీసుకోను. వాడుకలో మైనం కుంగడం, గుర్రం మీది రేకులో తంత్రుల గాడి పడడం సహజం. శ్రుతి నిలవడం లేదని వీణను మూలన పెట్టేయకండి.

అమెరికాలో ఉన్నవారు చలికాలంలో వీణను హీటరు దగ్గర ఉంచవద్దు. గాలి మరీ పొడిగా ఉంటే కర్ర పగులుతుంది. ఎండలో నిలిపిన కారులో అసలే వదలవద్దు, మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోతాయి. మరమ్మతుకు పంపేటప్పుడు దండి కింద తగిలించే బుర్రను ఊడదీసి వేరే పెట్టెలో సర్దండి. తంత్రులను పూర్తిగా విప్పకుండా కాస్త వదులు చేయండి, లేకపోతే గుర్రం జారిపోతుంది. కదిలిన మెట్లను జిగురుతో అంటించవద్దు. ఊడిన మెట్లుంటే కాగితంలో చుట్టి, ఏది ఎన్నోదో రాసి పెట్టెలోనే వెయ్యండి.