సంచీ పద్ధతి బీరు తయారీ: మంట ఎప్పుడు ఆర్పాలి?

సంపాదకులకు నమస్కారములు.

ఇంట్లో బీరు తయారుచేసుకునే ‘బ్రూ ఇన్ ఎ బ్యాగ్’ పద్ధతిని మీ పత్రికలో ఇటీవల పరిచయం చేసినందుకు కృతజ్ఞతలు. ఆస్ట్రేలియాలోని ఔత్సాహికుల ద్వారా ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతిలో మూడు పాత్రలు చేసే పనిని ఒకే గుండిగ, ఒక గుడ్డ సంచీ చేస్తాయి కనుక, చట్టం అనుమతించే చోట కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకంటే సులువైన మార్గం లేదని నేను నమ్ముతాను. అయితే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు) సంచీలో వేడినీటిలో నానుతున్న గంటసేపూ గుండిగ కింద సన్నని మంట ఉంచాలని, వీలైతే ముందుగా ఉష్ణోగ్రతను అదుపు చేసే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కొనుక్కోవాలని ఆ వ్యాసంలో ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను.

ఈ పనిలో ఏ దశకు ఎంత వేడి కావాలో లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 20 లీటర్ల బీరు కోసం తీసుకునే 30 లీటర్ల నీటిని 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 70 డిగ్రీలకు తేవడానికి సుమారు 1.6 యూనిట్ల విద్యుత్తు కావాలి. గోడల గుండా పోయే వేడిని పక్కన పెట్టినా, 2,000 వాట్ల హీటరుకు ఆ పని ముప్పావు గంటకు పైగా పడుతుంది. మాల్ట్ వేసి మూత పెట్టి, చుట్టూ మందపాటి దుప్పటి కప్పిన తరువాత పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అంత బరువున్న గుండిగ గంటలో రెండు డిగ్రీలు చల్లబడిందని అనుకున్నా, ఆ నష్టాన్ని పూడ్చడానికి 70, 80 వాట్లు సరిపోతాయి. అదే 2,000 వాట్ల వేడిని ఒక్క నిమిషం తగిలిస్తే మొత్తం నీరు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. మనం సన్నని మంట అని పిలిచేది కూడా ఈ దశ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువే.

పైగా ఆ వేడి గింజల దాకా సమానంగా చేరదు. నీరు ఒంటరిగా ఉన్నప్పుడు అడుగున వేడెక్కి పైకి లేచి తనంతట తానే కలుస్తుంది గాని, సంచీలో బిగిసి ఉన్న గింజల ముద్ద ఆ కదలికను అడ్డుకుంటుంది. అడుగున 75 డిగ్రీలు దాటిన నీరు, నడుమ 64 డిగ్రీల వద్దే ఉన్న గింజలు ఒకే గుండిగలో ఒకే సమయంలో ఉండగలవు. థర్మామీటరును ఎక్కడ ముంచితే అక్కడి సంగతే అది చెబుతుంది. దీని ఫలితం బీరులో కనిపిస్తుంది. పిండిపదార్థాన్ని ఈస్ట్ సులువుగా తినగలిగే చక్కెరగా మార్చే బీటా ఎమైలేజ్ అనే ఎంజైము 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుకుగా పనిచేసి, 70 దాటితే త్వరగా నశిస్తుంది. ఆల్ఫా ఎమైలేజ్ అనే మరో ఎంజైము అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గాని, అది ఈస్ట్ తినలేని చక్కెరలను కూడా మిగులుస్తుంది. అందుకే 64 డిగ్రీల వద్ద నానిన మాల్ట్ నుంచి తీపి తక్కువగా ఉండే పలుచని బీరు, 69 వద్ద నానినదాని నుంచి చిక్కదనం గల బీరు వస్తాయి. నీరు ఎక్కువగా ఉండే ఈ పద్ధతిలో ఈ ఎంజైములు గట్టి మాష్‌లో (మాష్ అంటే వేడినీటిలో నానుతున్న మాల్ట్) కంటే త్వరగా దెబ్బతింటాయి కనుక, అడుగున కలిగే అతివేడి మరింత నష్టం చేస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న గొప్ప సౌలభ్యం కూడా ఆ ఎక్కువ నీటిలోనే ఉంది. కిలో మాల్ట్‌కు ఆరు లీటర్ల నీరు ఉన్నప్పుడు, 25 డిగ్రీల గింజలను 67 డిగ్రీల మాష్‌గా మార్చడానికి నీరు 70 డిగ్రీల వద్ద ఉంటే చాలు. కిలోకు మూడు లీటర్లే వాడేవారు 73 దాకా వేడి చేయవలసి వస్తుంది. అంటే ఇక్కడ గురి తప్పే అవకాశం తక్కువ. గింజలు వేసి, ఉండలు లేకుండా బాగా కలిపి, మూడు నాలుగు చోట్ల కొలిచి, మంట ఆర్పి, దుప్పటి కప్పడమే నియంత్రణలో సింహభాగం. దానికి కావలసింది నమ్మదగిన థర్మామీటరు ఒక్కటే. కరుగుతున్న మంచు నీటిలో అది సున్నా చూపాలి. మరిగే నీటిలో 100 చూపాలి, ఎత్తైన ప్రాంతాల్లోనైతే ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గించి చూసుకోవాలి.

గుండిగ పరిమాణం విషయంలో మాత్రం పొదుపు చేయకూడదు. 30 లీటర్ల నీటిలో ఐదు కిలోల మాల్ట్ వేస్తే మట్టం 33 లీటర్లు దాటుతుంది. కలపడానికీ పొంగుకూ చోటు కావాలి కనుక 40 లీటర్ల పాత్ర అవసరం. సంచీ సన్నని నేత గల పాలిస్టర్ గుడ్డతో, గుండిగ లోపలి గోడలకు ఆనేంత వెడల్పుగా ఉండాలి. అడుగున స్టీలు జాలీ గాని, చిల్లుల పళ్ళెం గాని తప్పనిసరి. మంట మీద ఉన్న లోహానికి సంచీ నేరుగా తగిలితే గుడ్డ కరగవచ్చు, పిండి మాడవచ్చు. ఆ మాడు వాసన బీరులోంచి ఇక పోదు. నానిన గింజలతో సంచీ బరువు ఎనిమిది కిలోలు దాటుతుంది, ధార కట్టే నీరు చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది. కాబట్టి పైన గట్టి కొక్కెం, కప్పీ ఏర్పాటు చేసుకోవాలి.

పెద్ద మంట నిజంగా అవసరమయ్యేది, సంచీ తీసేశాక మిగిలిన తీపి ద్రవాన్ని, అంటే వోర్ట్‌ను, మరిగించేటప్పుడు. గంటకు మూడు లీటర్లు ఆవిరి కావాలంటే ఆ ఆవిరికే సుమారు 1,900 వాట్లు ఖర్చవుతాయి. అందువల్ల మాష్‌కు ధారాళంగా సరిపోయే 2,000 వాట్ల హీటరు, అవాంఛిత వాసనలు పోవడానికి మూత తీసి ఉంచవలసిన ఈ దశలో కుంటుపడుతుంది. 3,000 వాట్లు మేలు. అయితే 230 వోల్టుల వద్ద అది 13 ఆంపియర్లు లాగుతుంది కనుక తగిన మందం గల తీగ, ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకరు ఉండాలి. గ్యాస్ వాడేవారు ఆరుబయట వాడాలి.

కంట్రోలర్లకు నేను వ్యతిరేకిని కాను. వోర్ట్‌ను అడుగు నుంచి తీసి గింజల మీదుగా నిరంతరం తిప్పే పంప్ ఉన్నవారికి పీఐడీ కంట్రోలర్ (సెన్సార్ చూపే ఉష్ణోగ్రతను బట్టి హీటరు వేడిని తనంతట తానే సవరించే పరికరం) చక్కగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అప్పుడు సెన్సార్ చూసే ఉష్ణోగ్రత, గింజలకు అందే ఉష్ణోగ్రత దగ్గరగా ఉంటాయి. పంప్ లేకుండా కొన్న కంట్రోలర్ అడుగు నీటిని మాత్రమే అదుపు చేస్తుంది.

కాబట్టి ఆ వ్యాసానికి ఒక సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను: మాష్ సమయంలో మంట ఆర్పి గుండిగకు దుప్పటి కప్పాలి, వేడి మూడు డిగ్రీలకు మించి పడిపోతే సంచీని అడుగు నుంచి కాస్త పైకెత్తి, ఆపకుండా కలుపుతూ, ఒకటి రెండు నిమిషాలు మాత్రమే మంట పెట్టి, ఆర్పి, మళ్ళీ కొలవాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు